మూడు వారాల బియ్యంతో బయల్దేరిన డివిజన్

1944 మార్చి 15 రాత్రి బర్మాలో చింద్విన్ నది దాటి భారత్ వైపు నడక మొదలుపెట్టిన జపాన్ 31వ డివిజన్ దగ్గర ఉన్న తిండి మూడు వారాలకే సరిపోతుంది. ఆ మూడు వారాలు ఏప్రిల్ 5తో అయిపోతాయి. నాగా కొండల్లోని కొహిమా ముట్టడి మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే అసలు యుద్ధం ఆరంభమయ్యే వేళకే సైనికుల సంచులు అడుగంటాయి. ఆ తర్వాత రెండు నెలలపాటు ఆ డివిజన్ కొండల మీద ఎలా నిలబడింది? చివరికి దాని కమాండర్ పైవాళ్ల ఆజ్ఞను తోసిపుచ్చి సైన్యాన్ని ఎందుకు వెనక్కి తిప్పాడు? జపాన్ సైన్యంలో కనీవినీ ఎరుగని ఆ ధిక్కారానికి ఆయన్ని ఎందుకు విచారించలేదు? ఈ ప్రశ్నలకు జవాబు చాలావరకు బియ్యం లెక్కలోనే ఉంది.

మామూలుగా ఈ కథను ఇద్దరు జనరళ్ల పంతంగా చెబుతారు. పంతం ఉన్న మాట నిజమే. కానీ ఆ ఇద్దరూ ప్రాణస్నేహితులై ఉన్నా 31వ డివిజన్ గతి పెద్దగా మారేది కాదు.

ఈ డివిజన్‌కు చెప్పుకోదగ్గ పాత చరిత్ర లేదు. యుద్ధం మధ్యలో, 1943 మార్చిలో బ్యాంకాక్‌లో అక్కడో ముక్క ఇక్కడో ముక్క కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. 58వ రెజిమెంట్, 138వ రెజిమెంట్ చైనా యుద్ధంలో పనిచేసిన దళాల నుంచి వచ్చాయి. మూడోదైన 124వ రెజిమెంట్ గ్వాడల్‌కెనాల్ నుంచి వచ్చింది. పసిఫిక్‌లోని ఆ దీవిలో జపాన్ సైనికులు తూటాల కన్నా తిండిలేమితో, మలేరియాతో ఎక్కువగా చనిపోయారు. 1943 ఫిబ్రవరిలో అక్కడి నుంచి బతికి బయటపడ్డ కొద్దిమందికి కొత్తవాళ్లను చేర్చి, రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టి బర్మాకు పంపారు. సప్లై లేని చోటికి సైన్యాన్ని పంపితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎవరూ పాత ఫైళ్లు తిరగేయాల్సిన పని లేదు. ఆ రెజిమెంట్‌లో మిగిలినవాళ్లను అడిగితే చెప్పేవాళ్లు. అడిగిన దాఖలాలు మాత్రం లేవు.

వీటికి తోడు ఒక పర్వత ఫిరంగి రెజిమెంట్, ఇంజినీర్లు, రవాణా దళం. మొత్తం కలిపి 15 వేల నుంచి 20 వేల మంది. జపాన్ సైన్యంలో ప్రతి డివిజన్‌కూ ఒక గుప్తనామం ఉండేది. దీనికి పెట్టిన పేరు ‘రెత్సు’. ఉగ్రం, తీవ్రం అన్న అర్థంలో.

కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ కోటోకు సాటో. ఈయన పిరికివాడని తర్వాత కొందరు రాశారు. రికార్డు చూస్తే ఆ మాట నిలవదు. 1938లో సోవియట్ సరిహద్దులో చాంగ్‌కుఫెంగ్ కొండ దగ్గర జరిగిన ఘర్షణలో 75వ రెజిమెంట్ కమాండర్‌గా రాత్రిపూట దాడి చేసి కొండను పట్టుకున్నది ఈయనే. ఆయన కింద పదాతి దళాల బాధ్యత మేజర్ జనరల్ షిగెసబురో మియజాకిది. మియజాకి భుజం మీద ఎప్పుడూ ఒక పెంపుడు కోతి ఉండేదని ఆయన సైనికులు చెప్పుకునేవారు. కోతి సంగతి ఎలా ఉన్నా, బర్మాలో పోరాడిన జపాన్ కమాండర్లలో అందరికన్నా చురుకైనవాళ్లలో ఆయన ఒకరు.

వీళ్లందరి పైన 15వ ఆర్మీ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ రెన్యా ముటాగుచి. 1937 జులైలో బీజింగ్ శివార్లలోని మార్కోపోలో వంతెన దగ్గర కాల్పులు జరిగి చైనాతో యుద్ధం మొదలైనప్పుడు అక్కడున్న జపాన్ రెజిమెంట్‌కు కమాండర్ ఆయనే. తాను మొదలుపెట్టిన యుద్ధాన్ని తానే గెలిచి ముగించాలన్నది ఆయన ఆశ. 1930ల్లో జపాన్ సైన్యం రెండు వర్గాలుగా చీలినప్పుడు సాటోది ఒక వర్గం, ముటాగుచిది ఇంకో వర్గం. ఒకరంటే ఒకరికి పడదు. అలాంటి ఇద్దరిని ఒకరి కింద ఒకరిని పెట్టి, దాడికి పంపించారు.

ముటాగుచి ధైర్యానికి మూలం 1942. మలయా, సింగపూర్ యుద్ధాల్లో ఆయన 18వ డివిజన్‌ను నడిపాడు. అప్పుడు జపాన్ సైనికులు తేలిగ్గా, తక్కువ సామానుతో అడవుల్లోంచి చుట్టుతిరిగి వచ్చి వెనక రోడ్డు మూసేస్తే బ్రిటిష్ దళాలు గాభరాపడి వెనక్కి పరుగెత్తేవి. వాళ్లు వదిలేసిన గోదాముల్లో బియ్యం, బిస్కెట్లు, పెట్రోలు, లారీలు అన్నీ దొరికేవి. జపాన్ సైనికులు వాటికి సరదాగా చర్చిల్ సప్లై అని పేరు పెట్టుకున్నారు. శత్రువు గోదామే మన గోదాం అన్న ఈ పద్ధతి రెండేళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. దానికి తోడు 1943లో బ్రిటిష్ అధికారి వింగేట్ కొద్దిపాటి దళాలతో ఆ కొండలు దాటి బర్మాలోకి చొరబడ్డాడు. ఆయన ఇటు రాగలిగితే మనం అటు పోలేమా అనుకున్నాడు ముటాగుచి. వింగేట్ దళాలకు విమానాల నుంచి తిండి జారవిడిచారన్న సంగతికి ఇవ్వాల్సిన విలువ ఇవ్వలేదు.

అభ్యంతరాలు రాకపోలేదు. ముటాగుచి దగ్గరే చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న ఒబాటా సైనిక రవాణాలో నిపుణుడు. ఈ దారిలో సప్లై అసాధ్యమని తేల్చి చెప్పాడు. ఆ పదవిలో ఎంతోకాలం నిలవలేదు, తీసి పక్కన పెట్టారు. పై స్థాయిలో సదరన్ ఆర్మీ ఉప చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఇనాడా గట్టిగా అడ్డుపడ్డాడు. 1943 అక్టోబరులో ఆయనకూ బదిలీ అయింది. వద్దన్నవాళ్లు ఒక్కొక్కరే కుర్చీ ఖాళీ చేస్తూ పోగా మిగిలినవాళ్లలో వద్దనేవాళ్లు లేరు. 1944 జనవరిలో టోక్యో అనుమతి వచ్చింది. ప్రధాని తోజో స్నానపు తొట్టెలో కూర్చునే అధికారిని నాలుగు ప్రశ్నలడిగి సరేనన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ అడిగిన ప్రశ్నల్లో సప్లై గురించి కూడా ఉందంటారు. జవాబు చెప్పిన అధికారి అంతా సిద్ధమన్నాడట.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మనిషికి రోజుకు 800 గ్రాముల బియ్యం అనుకుంటే 15 వేల మందికి రోజుకు 12 టన్నులు కావాలి. ఇది బియ్యం ఒక్కటే. తూటాలు, ఫిరంగి గుండ్లు, మందులు వేరు. మూడు వారాల బియ్యం ఒక్కో సైనికుడికి 17 కిలోల దాకా తూగుతుంది. తుపాకి, తూటాలు, గ్రెనేడ్లు, పార అన్నీ కలిపి ఆ బరువుతో 6 వేల, 8 వేల అడుగుల కొండలు ఎక్కి దిగాలి. బయల్దేరే ముందు సాటో పట్టుబట్టి 15వ ఆర్మీ అధికారుల నుంచి ఒక హామీ తీసుకున్నాడు. చింద్విన్ దాటాక రోజుకు 10 టన్నుల సరుకు పంపిస్తామన్నది ఆ హామీ. ఆ మాట నిలబెట్టుకున్నా ఒక్క బియ్యానికే రోజుకు 2 టన్నులు తక్కువ. కానీ అసలా 10 టన్నులు మోసుకెళ్లేది ఎవరు? చింద్విన్ నుంచి కొహిమా దాకా 160 కిలోమీటర్లు, లారీ వెళ్లే దారి లేదు. విమానాలు లేవు. మే వచ్చిందంటే వానలు.

దీనికి ముటాగుచి కనిపెట్టిన ఉపాయం పశువులు. మంగోల్ చక్రవర్తి చెంఘిజ్ ఖాన్ సైన్యం తన మందలను వెంట తోలుకుని వెళ్లేది కదా, మనమూ అలాగే చేద్దాం అన్నాడు. ఎద్దులు సామాను మోస్తాయి, సామాను అయిపోయాక వాటినే కోసుకు తినొచ్చు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. బర్మా రైతుల నుంచి వేలాది ఎద్దులను లాక్కున్నారు. అవి అరక దున్నిన ఎద్దులు, బండి లాగిన ఎద్దులు. వీపు మీద మూటలు మోసిన అలవాటు వాటికి లేదు. పశువుల మధ్య పెరిగినవాళ్లెవరైనా ఈ మాట ముందే చెప్పేవాళ్లు. చింద్విన్‌ను ఈదలేక కొన్ని కొట్టుకుపోయాయి. నిటారు కొండదారుల్లో కాలు జారి కొన్ని మూటలతో సహా లోయల్లో పడ్డాయి. నడవడానికి మొరాయించిన వాటిని దారిలోనే వదిలేశారు. మేత కోసం ఆగితే నడక ఆలస్యం, ఆగకపోతే పశువు చస్తుంది. కొన్నాళ్లకే మందలు కరిగిపోయాయి.

సాటోకు భ్రమలేమీ లేవు. దాడికి ముందు అధికారులను పిలిచి, అద్భుతం జరిగితే తప్ప మనమెవరం బతకం, అదీ శత్రువు తూటాతోనే కాదు, ఈ కొండల్లో ఆకలితో చావడానికి కూడా సిద్ధపడండి అని చెప్పాడు. దండయాత్రకు వెళ్లే జనరల్ అనాల్సిన మాటలు కావివి. కానీ ఆ ప్రణాళికను చూసి ఇంకో రకంగా మాట్లాడటం కూడా కష్టమే. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు బయల్దేరదీశారు.

నడక మాత్రం అద్భుతంగా సాగింది. కొహిమాకు మహా అయితే ఒక రెజిమెంట్ వస్తుందని బ్రిటిష్ 14వ ఆర్మీ కమాండర్ స్లిమ్ అంచనా. ఆ కొండల్లోంచి మొత్తం డివిజన్ వస్తుందని ఆయన అనుకోలేదు. సాటో మూడు వరసల్లో మొత్తం డివిజన్‌ను తీసుకొచ్చాడు. ఎడమ వరసలో ముందు నడిచిన మియజాకి 58వ రెజిమెంట్‌తో ఉఖ్రుల్ పట్టుకుని, దక్షిణంగా సాంగ్‌షాక్ అనే నాగా ఊళ్లో ఉన్న భారత పారాచూట్ బ్రిగేడ్ మీద పడ్డాడు. నిజానికి ఆ ఊరు ఆయన పరిధిలోది కాదు, పక్కనున్న 15వ డివిజన్‌ది. వెనక నుంచి దెబ్బ తగలకూడదని ఆయన ఆలోచన కావచ్చు, దొరికిన శత్రువును వదలకూడదన్న స్వభావం కావచ్చు. మార్చి 21, 22 నుంచి 26 దాకా అక్కడే ఆగిపోయాడు. రాతి నేల మీద లోతుగా గుంతలు తవ్వుకునే వీలు కూడా లేక ఆ బ్రిగేడ్ తీవ్రంగా నష్టపోయి చివరికి తప్పుకుంది. జపాన్‌వాళ్లు ఊరిని గెలిచారు. కానీ వందల మందిని, ఎన్నో రోజులను పోగొట్టుకున్నారు. ఆ రోజులంటే తిండి కూడా. పైగా చనిపోయిన ఒక జపాన్ అధికారి సంచిలో దొరికిన మ్యాపు కొహిమా మీద వాళ్ల ఉద్దేశాన్ని బయటపెట్టింది. ఉత్తరాన జెస్సామి, ఖరాసోమ్ దగ్గర కొత్తగా పుట్టిన అస్సాం రెజిమెంట్ 138వ రెజిమెంట్‌ను ఏప్రిల్ 1 దాకా ఆపింది.

కొహిమా ఊరు పెద్దదేమీ కాదు. దాని విలువంతా రోడ్డుది. దిమాపూర్ రైల్వే స్టేషన్ నుంచి, ఈ దండయాత్ర అసలు గురి అయిన ఇంఫాల్‌కు వెళ్లే ఏకైక మంచి రోడ్డు కొహిమా కనుమలోంచి వెళ్తుంది. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించినప్పుడు ప్రాణాలు అరచేత పట్టుకుని నడిచొచ్చిన లక్షలాది భారతీయుల్లో చాలామంది మణిపూర్ మీదుగా ఈ దారినే పట్టి దిమాపూర్‌లో రైలు ఎక్కారు. రంగం వెళ్లాడు అని ఉత్తరాంధ్ర ఊళ్లలో చెప్పుకునే వాళ్లలో, అంటే రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి చేసుకునేందుకు వెళ్లిన తెలుగువాళ్లలో, తిరిగొచ్చినవాళ్ల బతుకుల్లోనూ ఆ కొండదారులు ఉన్నాయి. రెండేళ్ల తర్వాత అదే రోడ్డు కోసం రెండు సైన్యాలు కొట్టుకున్నాయి.

ఏప్రిల్ మొదటి వారంలో సాటో సైన్యం కొహిమా చేరేసరికి అక్కడ ఉన్నది రకరకాల దళాలు కలిసిన చిన్న రక్షణ సేన. కల్నల్ హ్యూ రిచర్డ్స్ ఆధ్వర్యంలో రాయల్ వెస్ట్ కెంట్ బెటాలియన్ ఒకటి, అస్సాం రెజిమెంట్, అస్సాం రైఫిల్స్, ఆస్పత్రుల్లోంచి లేచొచ్చినవాళ్లు, వంటవాళ్లు, గుమాస్తాలు. అందరూ కలిపి సుమారు 2,500 మంది. పోరాడగలిగినవాళ్లు అందులో సగం పైచిలుకు. వాళ్ల నీళ్ల వనరులు జపాన్ చేతికి చిక్కాయి. గొంతు తడుపుకోవడానికి కొలిచి ఇచ్చే నీళ్లు, విమానాలు జారవిడిచే సంచులు. ఆ సంచుల్లో కొన్ని గాలికి కొట్టుకుపోయి జపాన్ గుంతల దగ్గర పడేవి. ఆకలితో ఉన్న సాటో సైనికులకు అదే పండగ. డిప్యూటీ కమిషనర్ బంగళా ముందున్న టెన్నిస్ కోర్టుకు ఇటువైపు వీళ్లు, అటువైపు వాళ్లు. మధ్యలో ఉన్న ఆ కాస్త మైదానం మీదుగా చేత్తో గ్రెనేడ్లు విసురుకుంటూ రోజుల తరబడి కాచుకున్నారు.

ఇక్కడ సాటోను సమర్థించడం కష్టం. రాత్రయితే చాలు అదే గుట్ట మీదికి, అదే దిక్కు నుంచి, మళ్లీ మళ్లీ మనుషులను ఎక్కించాడు. ఒక్కో గుట్ట పట్టడానికి పడ్డ ప్రాణనష్టం చూస్తే మియజాకి దళాలు మొదటి వారాల్లోనే సగం కరిగిపోయాయి. ఏప్రిల్ 18న 161వ భారత బ్రిగేడ్ దళాలు ముట్టడిని ఛేదించి లోపలికి చేరాయి. 20కల్లా పాత రక్షణ సేనను మార్చేశారు.

ఆ 161వ బ్రిగేడ్ వచ్చిన తీరులోనే యుద్ధం ఎంత మారిపోయిందో తెలుస్తుంది. అది 5వ భారత డివిజన్‌లో భాగం. మార్చి మధ్య వరకు ఆ డివిజన్ సముద్రతీరాన అరకాన్‌లో పోరాడుతోంది. దాన్ని మనుషులు, ఫిరంగులు, కంచరగాడిదలతో సహా విమానాల్లో ఎక్కించి కొద్దిరోజుల్లోనే ఇంఫాల్, దిమాపూర్‌లలో దించారు. అంతకు నెల ముందు అదే అరకాన్‌లో చుట్టుముట్టిన బ్రిటిష్, భారత దళాలు పారిపోకుండా ఉన్నచోటే నిలబడ్డాయి. వాటికి కావలసినవన్నీ ఆకాశం నుంచి వచ్చాయి. గోదాం దొరుకుతుందని వచ్చిన జపాన్ దళాలే ఆకలితో వెనుదిరిగాయి. ముటాగుచి పద్ధతి పనిచేయడం మానేసిందని ఆ ఫిబ్రవరిలోనే తేలిపోయింది. అయినా మార్చిలో ఆయన చింద్విన్ దాటించాడు. ఏప్రిల్ 29న చక్రవర్తి పుట్టినరోజు, ఆ లోపు ఇంఫాల్ చేతికి రావాలి.

ఇంఫాల్ రాలేదు. పైగా ఏప్రిల్‌లోనే ముటాగుచి కొహిమా నుంచి మియజాకి నాయకత్వంలో కొంత సైన్యాన్ని ఇంఫాల్ వైపు పంపమని సాటోను ఆదేశించాడు. ఇక్కడే చాలక చస్తున్నాం అని సాటో చివరికి పంపలేదు. ఆ ఆదేశం ప్రతి ఒకటి బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కింది. కొహిమా మీద ఒత్తిడి తగ్గించకూడదని స్లిమ్‌కు అర్థమైంది.

మే నెల అంతా బ్రిటిష్ 2వ డివిజన్ గుట్ట తర్వాత గుట్ట తిరిగి తీసుకుంటూ పోయింది. జపాన్ సైనికులు కొండ వాలుల్లో తవ్విన బంకర్లు ఒకదానికొకటి కాపు కాసేలా ఉండేవి. ఫిరంగి గుండ్లకు చెక్కుచెదరలేదు. మే 13న బుల్‌డోజరుతో దారి చేసి ఒక ట్యాంకును టెన్నిస్ కోర్టు మీదికి ఎక్కించి, అతి దగ్గర నుంచి బంకర్ల నోళ్లలోకి కాల్చాకే బంగళా గుట్ట ఖాళీ అయింది. అప్పటికి లోపల ఉన్నవాళ్లు తింటున్నది బియ్యం కాదు. గడ్డి, అడవి ఆకులు, వెదురు మొలకలు, దొరికితే నత్తలు. బెరిబెరితో కాళ్లు ఉబ్బి, విరేచనాలతో లేవలేక, మలేరియాతో వణుకుతూనే గుంతల్లో తుపాకి పట్టుకుని ఉన్నారు. చుట్టుపక్కల నాగా ఊళ్లలో ధాన్యం, పందులు, కోళ్లు, మిథున్‌లు అనే కొండ పశువులు అన్నీ మొదటే ఊడ్చేశారు. మొదట్లో జపాన్ అచ్చేసిన ఆక్రమణ నోట్లు ఇచ్చేవారు, తర్వాత అదీ లేదు. ఆ నోట్లతో నాగా ఆడవాళ్లు కొనుక్కోగలిగింది ఏమీ లేదు. జపాన్ కదలికల సమాచారాన్ని బ్రిటిష్‌వాళ్లకు నాగాలు అంత ఇష్టంగా చేరవేయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆకలి లెక్క రాసేటప్పుడు ఈ ఊళ్ల పద్దు కూడా రాయాలి. సాధారణంగా రాయరు.

జపాన్ దళాలతో పాటు వచ్చిన ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికుల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్లకు సొంత సప్లై ఏర్పాటు దాదాపు లేదు, జపాన్‌వాళ్లు పెట్టాలి. జపాన్‌వాళ్లకే లేదు. నేతాజీ సన్నిహితుడు, హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ కూడా ఆ ఇంఫాల్ రంగంలోనే ఉండి ఆ తిరోగమనాన్ని కళ్లారా చూశాడు.

మే 25న సాటో 15వ ఆర్మీకి టెలిగ్రాం పంపాడు. తిండి అయిపోయింది, మందుగుండు అయిపోవస్తోంది, సప్లై అందగల చోటికి జూన్ 1లోపు కదులుతాను అన్నాడు. ఇంకో పది రోజులు పట్టుకోండి, ఇంఫాల్ పడిపోతుంది అని జవాబు. చింద్విన్ దాటినప్పటి నుంచి మీ దగ్గర నుంచి ఒక్క తూటా రాలేదు, ఒక్క బియ్యపు గింజ రాలేదు అని సాటో గుర్తుచేశాడు. వెనక్కి వస్తే కోర్టు మార్షల్ అని బెదిరించారు. చేసుకోండి, నాతో పాటు మిమ్మల్నీ లాగుతాను అన్నది ఆయన జవాబు సారాంశం. 15వ ఆర్మీ స్టాఫ్ అధికారుల యుద్ధ పరిజ్ఞానం సైనిక పాఠశాల కుర్రాళ్ల కన్నా తక్కువ అని కూడా రాశాడు. మే 31న వెనక్కి మళ్లమని ఆజ్ఞ ఇచ్చాడు. జపాన్ సైన్యంలో ఒక డివిజన్ కమాండర్ పై ఆజ్ఞను కాదని మొత్తం డివిజన్‌ను యుద్ధరంగం నుంచి తీసుకుపోవడం అంతకు ముందెన్నడూ లేదు.

మియజాకిని ఆరేడు వందల మందితో రోడ్డు మీద ఉంచి మిగతావాళ్లను ఉఖ్రుల్ వైపు నడిపించాడు. మియజాకి వంతెనలు కూలుస్తూ, మలుపు మలుపుకూ అడ్డుపడుతూ మూడు వారాలు లాక్కొచ్చాడు. జూన్ 22న ఆ రోడ్డు 109వ మైలురాయి దగ్గర కొహిమా నుంచి వచ్చిన 2వ డివిజన్, ఇంఫాల్ నుంచి వచ్చిన 5వ భారత డివిజన్ కలుసుకున్నాయి. ఇంఫాల్ ముట్టడి ముగిసింది.

సాటో ఉఖ్రుల్ చేరాడు. అక్కడ తిండి ఉంటుందని ఆశ. ఒక్క సంచి కూడా లేదు. ఇంకా దక్షిణంగా హుమైన్‌కు నడిచారు. అక్కడా కొద్దిపాటే. మధ్యదారిలో ముటాగుచి చీఫ్ ఆఫ్ స్టాఫ్ వచ్చి, మీరు తిరిగి ఇంఫాల్ మీద దాడిలో పాల్గొనాలి అని ఆజ్ఞ అందించాడు. ముందు నా వాళ్లకు అన్నం పెట్టు, తర్వాత మాట్లాడదాం అన్నట్టుగా సాటో పంపించేశాడు. వానలో, బురదలో చింద్విన్ దాకా సాగిన ఆ నడకలో జబ్బుపడి పడిపోయినవాళ్లే ఎక్కువ. బతికినవాళ్లు తర్వాత ఆ దారిని తెల్ల ఎముకల దారి అని పిలిచారు. మొత్తం 15వ ఆర్మీలో ఈ దండయాత్రకు వెళ్లిన సుమారు 85 వేల మందిలో 30 వేల మంది దాకా చనిపోయారు. అందులో ఎక్కువ మందిని చంపింది జబ్బు, ఆకలి, అలసట.

పైన ఉన్నవాళ్లు ఈలోగా ఏం చేస్తున్నారు? జూన్ 6న బర్మా ఏరియా ఆర్మీ కమాండర్ కవాబె వచ్చి ముటాగుచిని కలిశాడు. ఇద్దరికీ దాడి విఫలమైందని తెలుసు. ఆపుదాం అన్న మాట ఒక్కరి నోటి నుంచీ రాలేదు. నా ముఖం చూసి ఆయన అర్థం చేసుకుంటాడనుకున్నాను అని ముటాగుచి తర్వాత చెప్పుకున్నాడు. వేల మంది సైనికుల ప్రాణాలు ఒక జనరల్ మొహమాటం మీద ఆధారపడ్డాయి. అధికారికంగా ఆపమన్న ఆదేశం జులైలో గానీ రాలేదు. అంటే సాటో నెల ముందే చేసిన పనిని సైన్యం నెల ఆలస్యంగా ఆజ్ఞగా మార్చింది.

దండయాత్రకు వెళ్లిన మూడు డివిజన్ల కమాండర్లనూ యుద్ధం నడుస్తుండగానే తీసేశారు. 33వ డివిజన్ కమాండర్ యానాగిడా దాడి ఆపేద్దామని సలహా ఇచ్చాడు, పదవి పోయింది. 15వ డివిజన్ కమాండర్ యమౌచీ క్షయతో మంచం పట్టి పదవి పోగొట్టుకున్నాడు, ఆగస్టులో చనిపోయాడు. జులైలో సాటో వంతు. ఆయన మాత్రం కోర్టు మార్షల్ పెట్టమనే కోరుకున్నాడు. అక్కడ చెప్పాల్సిందంతా చెప్పాలని ఆయన పట్టుదల. రోజుకు 10 టన్నుల హామీ ఎవరిచ్చారు, ఎన్ని టన్నులు చేరాయి, ఒబాటా ఏం చెప్పాడు, ఆయన్ని ఎందుకు తీశారు, టోక్యోకు ఏమని నివేదించారు, ఇవన్నీ సాక్ష్యాలుగా నమోదయ్యేవి. డివిజన్ కమాండర్లు చక్రవర్తి స్వయంగా నియమించే స్థాయి అధికారులు. అలాంటివాడిని బోనులో నిలబెడితే ప్రశ్న ముటాగుచి దగ్గరే ఆగదు, కవాబె దాకా, అక్కడి నుంచి పైకి పోతుంది. ఆర్మీ డాక్టర్లతో పరీక్షలు చేయించి, ఆయన మానసిక స్థితి బాగాలేదన్న పేరుతో విచారణ లేకుండా పక్కన పెట్టారు. ఆయనకు పిచ్చి లేదని అందరికీ తెలుసు. ఆగస్టు చివర ముటాగుచి, కవాబె కూడా పదవులు కోల్పోయారు. విచారణ వాళ్లకూ లేదు.

డివిజన్ కథ అక్కడితో అయిపోలేదు. మిగిలినవాళ్లకు కొత్తవాళ్లను కలిపి, కొత్త కమాండర్‌ను పెట్టి 1945 మొదట్లో మళ్లీ ఐరావతి నది ఒడ్డున యుద్ధానికి దింపారు. ఈసారి బహిరంగ మైదానంలో ట్యాంకుల ముందు నిలబడాలి. నిలబడలేదు. దక్షిణానికి, తెనాసరిం వైపు వెనక్కి జరుగుతూ లొంగుబాటు దాకా వచ్చింది. మియజాకికి ప్రమోషన్ ఇచ్చి 54వ డివిజన్ అప్పగించారు. యుద్ధం తర్వాత ఆయన టోక్యోలో చిన్న దుకాణం నడుపుకుంటూ బతికాడు.

కొహిమా యుద్ధ శ్మశానంలో ఆ టెన్నిస్ కోర్టు హద్దులను గీతలుగా అలాగే ఉంచారు. అక్కడ 1,420 కామన్వెల్త్ సమాధులు ఉన్నాయి. మతాచారం ప్రకారం దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో వేరే స్మారకం ఉంది.

ఇక మిగిలింది దిమాపూర్. కొహిమా నుంచి 46 మైళ్లు దిగువన, రైల్వే లైను పక్కన దాదాపు 11 మైళ్ల పొడవునా పరుచుకున్న మహా గోదాం. ఏప్రిల్ మొదట్లో దానికి కాపలా అంతంతమాత్రం. సాటో కొహిమా దగ్గర కొంత సైన్యాన్ని ఉంచి మిగతావాళ్లతో దిమాపూర్ మీద పడి ఉంటే మా పని అయిపోయేది అని యుద్ధం తర్వాత స్లిమ్ రాశాడు. సాటోను జపాన్ జనరళ్లలో చొరవ లేనివాడిగా లెక్కగట్టాడు. సాటో హెడ్‌క్వార్టర్స్ మీద బాంబులు వేస్తామని విమానదళంవాళ్లు వస్తే, అలాంటివాడు ఉండటమే మనకు లాభమని వద్దన్నానని కూడా రాసుకున్నాడు. ఈ మాట ముటాగుచికి ఊతమైంది. 1960ల్లో ఒక బ్రిటిష్ అధికారి నుంచి దాదాపు అదే అర్థంలో ఉత్తరం వచ్చాక, అప్పటిదాకా తల దించుకుని ఉన్న ఆయన తాను చేసింది సరైనదేనని, కిందివాళ్లే చెడగొట్టారని కరపత్రాలు పంచడం మొదలుపెట్టాడు. సాటో 1959లోనే చనిపోయాడు, కాబట్టి ఎదురు చెప్పే మనిషి లేడు.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. సాటో సైనికులకు కావలసిన తిండి నిజంగానే ఆ 46 మైళ్ల అవతల ఉంది. కానీ ఏప్రిల్ 8న ముటాగుచి దిమాపూర్ వైపు కదలమన్నప్పుడు సాటో ఒక బెటాలియన్‌ను పంపాడు. దాన్ని వెనక్కి పిలిపించింది సాటో కాదు. దిమాపూర్ 15వ ఆర్మీ లక్ష్యాల్లో లేదని పైనుంచి అడ్డుపడింది కవాబె. అంటే ఆ దండయాత్రలో డివిజన్ ఆకలి తీర్చగలిగిన ఒకే ఒక్క గోదాం అసలు ప్రణాళికలోనే లేదు. ఆ ప్రణాళికకు అందరి ఆమోదముద్రలూ సంపాదించింది ముటాగుచే. కొహిమా దగ్గర ఆగమని రాసిన కాగితం పట్టుకుని కొహిమా దగ్గర ఆగినందుకు సాటోను తప్పుపట్టడం ఆయనకు మాత్రం చెల్లదు.